సున్నం గీతల ఆయమ్మ

మా స్కూల్లో ఆయమ్మగా పనిచేసినావిడ అసలు పేరు నాకు ఆవిడ పోయాకే తెలిసింది. పోయిన నెల మా పాత డ్రిల్లు మాస్టారు ఫోన్ చేసి, ఏదో పేరు చెప్పి, "కాలం చేసేరమ్మా" అన్నారు. ఎవరో నాకు తట్టలేదు. "ఎవరండీ?" అన్నాను. ఆయనకి కోపం వచ్చినట్టుంది. "ఎవరంటావేంటమ్మా, మన ఆయమ్మ" అన్నారు. అప్పుడు నేను గ్రౌండులో ఉన్నాను. నేను ఆటలు నేర్పే స్కూల్లో ఎనిమిదో తరగతి ఆడపిల్లలు బంతి కోసం జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. విజిల్ ఊది అందర్నీ కూర్చోమన్నాను. ఎందుకు కూర్చోమన్నానో వాళ్ళకి తెలియలేదు. నేనూ వాళ్ళ పక్కనే కూర్చుండిపోయాను.

ఆ పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఎవరూ పిలవని పేరుతో ఇప్పుడు పిలిస్తే ఆవిడ పలకరు.

నేను ఇవాళ పిల్లలకి వాలీబాల్ నేర్పి, మ్యాచ్‌లకి రిఫరీగా నిలబడుతున్నానంటే దానికి కారణం ఆవిడే. ఈ సంగతి ఆవిడతోనే ఒకసారి చెప్పబోయాను. సగంలో ఉండగానే "ఆయ్" అని, చీపురు తీసుకుని వెళ్ళిపోయారు. కోనసీమలో ఆయ్ అంటే సరేనండి అని. ఆయమ్మ నోటివెంట ఆయ్ వస్తే మాత్రం, మీరు చెప్పింది చెవిన పడిందండి అని, అంతవరకే. ఒప్పుకున్నారో లేదో తర్వాత వచ్చే మాటని బట్టి తెలుసుకోవాలి.

ఏటా జనవరి ఇరవై ఆరుకి మా స్కూల్లో మాస్టార్లకీ పదో తరగతి అబ్బాయిలకీ వాలీబాల్ మ్యాచ్ ఉండేది. ఒక ఏడు హెడ్మాస్టారు గారు స్వయంగా దిగారు. పంచె ఎగ్గట్టి, చాలా ఉత్సాహంగా ఒక బంతి కొట్టారు. అది వెళ్ళి చివరి గీత దగ్గర పడింది. లోపలని మాస్టార్లు, బయటని పిల్లలు. చివరికి ఎప్పటిలాగే "ఆయమ్మని పిలవండి" అన్నారు. ఆవిడ వచ్చి, నడుం వంచి, గీతని చివరిదాకా చూసి, "సున్నం చెరగలేదండి. బైట" అన్నారు.

"సరిగా చూడు ఆయమ్మా. అది నేను కొట్టిన బంతి" అన్నారు హెడ్మాస్టారు.

"ఆయ్. మీరు కొట్టిన బంతే బైట పడ్డాదండి."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ తర్వాత మూడు రోజులపాటు ఆఫీసు గదిలో టీ గ్లాసులు సరిగా కడగలేదని ఆవిడ మీద ఆయన కేకలేస్తుంటే, ఆ నవ్వు ఎంత కష్టపడి నవ్వారో మాకు అర్థమైంది. ఆయమ్మ మూడు రోజులూ గ్లాసులు మళ్ళీ కడిగారు. బంతి మాత్రం బయటే.

ఇదంతా తొంభైల మొదట్లో మాట. కొత్తపేట నుంచి బస్సులో పావుగంట మా ఊరు. స్కూలు వెనక గ్రౌండు, గ్రౌండుకి మూడు వైపులా కొబ్బరి తోటలు. ఆవిడ ఉద్యోగం గదులు ఊడవడం, గంట కొట్టడం, మంచినీళ్ళ కుండలు నింపడం. వాలీబాల్ కోర్టు గీయడం ఆవిడ ఉద్యోగంలో లేదు. మేం ఆ స్కూల్లో చేరడానికి చాలా ముందు ఎవరో మాస్టారు గీసిన గీతలు వంకరటింకరగా ఉన్నాయని ఈవిడ చూడలేక, "ఇలాగివ్వండి" అని సున్నం చిప్ప లాక్కున్నారట. రోజూ వాకిట్లో ముగ్గు పెట్టే చెయ్యి. అప్పట్నించి ఆ పని ఆవిడ మీదే పడింది. పడింది అనకూడదు, ఆవిడ ఇంకెవర్నీ చెయ్యనివ్వలేదు.

కొబ్బరి పీచు తాడు ఒకటి ఉండేది ఆవిడ దగ్గర. తొమ్మిది మీటర్లకి ఒక ముడి, పద్దెనిమిదికి ఇంకో ముడి. కోర్టు వెడల్పు తొమ్మిది, పొడవు పద్దెనిమిది. నెట్‌కి ఇటూ అటూ మూడేసి మీటర్ల దూరంలో గీయాల్సిన గీత కోసం తాడుకి ఎర్ర గుడ్డ పీలిక కట్టారు. తాడు బిగించి, కొబ్బరి చిప్పలోంచి పొడి సున్నం వేళ్ళ మధ్య నుంచి వదులుతూ వెనక్కి నడిచేవారు. గీత మూడు వేళ్ళ వెడల్పు. ఎక్కడా లావూ సన్నమూ ఉండదు. ఆవిడ చదువుకున్నది రెండో తరగతో మూడో తరగతో. ఆ కొలతలన్నీ ఎవరు చెప్పారో, ఎన్ని మ్యాచ్‌లు చూసి రూల్సు నేర్చుకున్నారో నాకు తెలీదు. నేను చేరేసరికే ఊళ్ళో వాలీబాల్ తగువులన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి.

ఆవిడకి ఒక అలవాటు. మామూలుగా మమ్మల్ని "అమ్మాయి గారండి" అనేవారు. మా అందరివీ కాస్తో కూస్తో వరిచేలూ కొబ్బరి తోటలూ ఉన్న ఇళ్ళు, ఆవిడ ఆ ఇళ్ళలో పండక్కీ పబ్బానికీ పనికి వచ్చే మనిషి. కాని సున్నం గీత దాటి కోర్టులోకి అడుగు పెట్టామా, "ఒసేయ్, మోచేతులు దగ్గిరికి పెట్టవే!" మళ్ళీ బయటికొస్తే, "అమ్మాయి గారండి, కాళ్ళు కడుక్కోండి, అమ్మగారు తిడతారు." మా సత్యవతి ఒకసారి కావాలని ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి, "ఇప్పుడేమంటారు ఆయమ్మా?" అంది. ఆవిడ చీపురు ఎత్తారు. సత్యవతికి జవాబు దొరికింది.

సత్యవతి మా కెప్టెన్. నాకు సీనియర్. ఆడపిల్లల టీముకి ఆరుగురు కావాలి, ఐదుగురే ఉన్నారు. నేను ఎనిమిదో తరగతి, పొడుగ్గా ఉంటాను. అందుకని పిలిచారు. నాకు ఎత్తు ఒక్కటే ఉంది, ఇంకేం లేదు. చేతికి తగిలిన బంతి నేను అనుకున్న వైపు ఏనాడూ వెళ్ళలేదు. కాని ఆ పరికిణీలు ఎగదోపుకుని, జడలు పైకి కట్టుకుని, అంత మంది ముందు గట్టిగా అరుచుకుంటూ ఆడే ఆ గుంపులో ఉండాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. ఇంట్లో గట్టిగా నవ్వితే తప్పు. ఇక్కడ గొంతు పెంచకపోతే తప్పు. ఆ చోటు పోగొట్టుకోకూడదు, అంతే నా మనసులో ఉన్నది.

రెండో వారంలోనే పోగొట్టుకునేంత పని చేశాను.

వాలీబాల్‌లో కొత్తవాళ్ళు ముందు తికమకపడేది మనుషులు చోట్లు మారడం దగ్గర. సర్వీసు అవతలివాళ్ళ నుంచి మన చేతికి వచ్చినప్పుడల్లా ఆరుగురూ ఒక్కో చోటు జరగాలి. వెనక వరసలో కుడి మూల ఉన్నవాళ్ళు మధ్యకి, మధ్యవాళ్ళు ఎడమ మూలకి, అక్కణ్ణించి ముందు వరసకి, అలా చుట్టూ. దీనికి డ్రిల్లు మాస్టారు బోర్డు మీద బాణాలు గీసి చెప్పారు. మాకు బుర్రకెక్కలేదు. ఆయమ్మ ఒక్క ముక్కలో తేల్చేశారు.

"గుడి చుట్టూ ప్రదక్షిణం ఎలా తిరుగుతారు? అలాగే తిరగండే."

అందరికీ వచ్చేసింది. నాకూ వచ్చిందనే అనుకున్నాను. కాని మా కోర్టు ఎడమ మూల పక్క నుంచి బోరింగు నీళ్ళు సన్నటి కాలవలా పోతుండేవి. నేను కుడి మూల నుంచి మధ్యకి వచ్చాను, మధ్య నుంచి ఎడమ మూలకి వెళ్ళాను. ఆ తర్వాత సర్వీసు మనకి వచ్చిందని కేక పడగానే, ఏమాత్రం అనుమానం లేకుండా, వెనక్కి తిరిగి వచ్చిన దారినే వచ్చేశాను. ఎదురుగా నా చోటుకి వస్తున్న సత్యవతి, నేనూ నుదుళ్ళు గుద్దుకున్నాం. ఇద్దరం కూలబడ్డాం.

గ్రౌండంతా నవ్వు. డ్రిల్లు మాస్టారు మాత్రం నవ్వలేదు. "నిన్నా ఇదే, ఇవాళా ఇదే. నువ్వు పక్కన కూర్చోమ్మా" అన్నారు. నేను గీత దాటి బయటికొచ్చాను. నుదురు కంటే మిగతాదంతా ఎక్కువ నొప్పిగా ఉంది. ఆయమ్మ చీపురు ఆపి నన్ను చూశారు, బోరింగు నీళ్ళని చూశారు.

"అమ్మాయి గారండి, మీరు ఏ గుడికెల్తారండి?"

"మా మామ్మతో ప్రతి సోమవారం పలివెల వెళ్తానండి."

"శివాలయం!" అన్నారు, దొంగ దొరికినట్టు. "మాస్టారండీ, పిల్ల తప్పేం లేదండి. నీళ్ళు కనపడ్డాయి, ఎనక్కి తిరిగింది."

మాస్టారికి అర్థం కాలేదు. నాకు అయింది. శివాలయంలో అభిషేకం నీళ్ళు బయటికి పోయే తూము ఉంటుంది కదా, సోమసూత్రం, దాన్ని దాటకూడదని మా మామ్మ చిన్నప్పట్నించీ నా రెక్క పట్టుకుని అక్కడిదాకా తీసుకెళ్ళి వెనక్కి తిప్పేది. నీళ్ళ కాలవ చూడగానే నా కాళ్ళు నన్నడక్కుండా తిరిగిపోయాయి. ప్రదక్షిణం అని చెప్పింది ఆవిడ, తిరిగింది నేను. తప్పు ఎవరిదని ఏ రూల్సు పుస్తకంలో వెతుకుతాం?

ఆయమ్మ నన్ను భుజం పట్టుకుని మళ్ళీ కోర్టు లోపలికి తోశారు. "ఇది ఇష్ణాలయం అనుకోవే. పూర్తిగా చుట్టూ తిరిగేయొచ్చు. ఎవరూ ఏమనరు."

మర్నాడు పొద్దున్న వెళ్ళేసరికి బోరింగు దగ్గర మట్టితో చిన్న గట్టు వేసి ఉంది. నీళ్ళు కోర్టు వైపు రాకుండా కొబ్బరి మొక్కల వైపు పోతున్నాయి. ఎవరు చేశారని ఎవరూ అడగలేదు. ఆవిడ గోళ్ళ నిండా మట్టి ఉంది.

తిరగడం నేర్చుకున్నాను గాని, ఆడడం నాకు రాలేదు. ఏడాది చివర ఏడో తరగతి నుంచి ఒక చురుకైన పిల్ల వచ్చింది. మాస్టారు నన్ను పిలిచి, తిట్టకుండా, చాలా మెత్తగా, "రేపట్నించి నువ్వు రానక్కర్లేదమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది. నేను కుండల గది వెనకాలకి వెళ్ళి ఏడ్చాను. కుండలు నింపడానికి వచ్చి ఆయమ్మ చూశారు. ఓదార్చలేదు. ఓదార్చడం ఆవిడకి రాదు.

"ఆడేవోళ్ళు ఆరుగురేనండి. ఆట సరిగా నడుత్తుందో లేదో చూసేవోళ్ళు కూడా కావాల కదండి. రేపు నా పక్కన నిలబడండి."

అలా మర్నాటి నుంచి కోర్టు మూల ఆవిడ పక్కన నిలబడ్డాను. బిందె చంకన పెట్టుకునే ప్రశ్నలు వేసేవారు. "ఇప్పుడు సర్వీసు ఎవరు చెయ్యాలండి? సత్యవతి గారు ముందు వరసా ఎనక వరసా? మూడు చేతులయ్యాయా, నాలుగా?" ఒక పక్కవాళ్ళు మూడుసార్లు ముట్టుకునేలోపు బంతి అవతలికి పోవాలి. ఒకే మనిషి వెంటవెంటనే రెండుసార్లు ముట్టకూడదు. నెట్‌ని తాకకూడదు. బంతిని పట్టుకోకూడదు, కొట్టాలి. పట్టుకున్నట్టా కొట్టినట్టా అనేది పెద్ద పెద్ద రిఫరీలకే తగువు. ఆవిడకి తగువు లేదు. "కాలిన పెనం మీద చెయ్యి పడితే ఎంతసేపుంచుతారండి? అంతకంటే ఒక్క పిసరు ఎక్కువుంటే పట్టుకున్నట్టే." నేను ఇప్పటికీ పిల్లలకి ఇలాగే చెప్తాను. ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళని నేను చూడలేదు.

తప్పు కనిపిస్తే "ఫాల్ట్" అని అరవాలి. మొదటిసారి నేను అన్నది నాకే వినపడలేదు.

"పెరుగెయ్యమని అడుగుతున్నారేంటండి, అలాగ? గట్టిగా!"

రెండోసారి అరిచాను. కోర్టులో పన్నెండు మంది ఆగిపోయి నా వైపు చూశారు. అవతలి పక్క ఆడుతున్న అబ్బాయిలు కూడా. నా మాటకి ఆట ఆగింది. ఆ రోజు ఇంటికి ఎలా వెళ్ళానో గుర్తు లేదు, నేల మీద మాత్రం నడవలేదు. మాస్టారు కూడా చూసి చూసి, చివరికి తన విజిల్ ఒకటి నా మెళ్ళో వేశారు.

ఆవిడ దేవత అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. నోరు చెడ్డది. కొత్తగా వేసిన గీత తొక్కినవాళ్ళని ఏడు తరాల దాకా వదిలేవారు కాదు. ఒకసారి కొత్తపేటలో మ్యాచ్. ఆఖరి దశలో సత్యవతి చేసిన సర్వీసు నెట్ పైఅంచుకి తగిలి అవతల పడింది. ఆ రోజుల్లో సర్వీసు నెట్‌కి తగిలితే తప్పే. సర్వీసు పోయింది, తర్వాత మ్యాచ్ పోయింది. తిరుగు బస్సులో ఆయమ్మ సత్యవతిని దారి పొడుగునా తిట్టారు. సత్యవతి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగేటప్పుడు చూస్తే ఓణీ కొంగు తడిసి ఉంది. నాకు ఆయమ్మ మీద ఆ రోజు చాలా కోపం వచ్చింది. ఆవిడ గీతలు గీసే చేత్తోనే మనుషుల్నీ గీసేస్తారు అనుకున్నాను.

ఇంకో సంగతి. అన్నేళ్ళలో ఆవిడ బంతిని చేత్తో ముట్టుకోవడం ఎవరూ చూడలేదు. దొర్లుకుంటూ కాళ్ళ దగ్గరికి వస్తే చీపురుతో తోసేవారు. ఎందుకంటే, "సున్నం చేతులండి. బాలు పాడైపోద్ది." పదో తరగతి పరీక్షలైపోయిన రోజున నేను బంతి తెచ్చి బలవంతంగా ఆవిడ చేతుల్లో పెట్టాను. "ఒక్క సర్వీసు చెయ్యండి ఆయమ్మా." వద్దు వద్దంటూనే చేతులు చీరకి తుడుచుకున్నారు, ఒకటికి నాలుగుసార్లు. గీత వెనక్కి వెళ్ళి, బంతిని ఎడం చేతిలో పెట్టుకుని, కుడి చేత్తో కింద నుంచి కొట్టారు. అది నెట్ మధ్యలో తగిలి కింద పడింది. నేను ఏదో అనేలోపే ఆవిడే చెయ్యెత్తి "ఫాల్ట్!" అని అరిచి, నవ్వాపుకోలేక అక్కడే కూర్చుండిపోయారు. ఆవిడ పళ్ళన్నీ కనపడేలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత బంతి తీసుకుని, మీద పడ్డ సున్నం మరక పోయేదాకా కొంగుతో తుడిచి ఇచ్చారు.

నేను డిగ్రీ అయ్యాక ఆటల టీచరు ట్రైనింగుకి వెళ్ళాను. ఇంట్లో యుద్ధమే జరిగింది, అది వేరే కథ. రెండువేలు దాటాక రిఫరీ పరీక్ష కూడా పాసయ్యాను. అప్పటికి ఆయమ్మ రిటైరై ఇంటి దగ్గరే ఉంటున్నారు. చెప్పడానికి వెళ్ళాను. కాలవ గట్టు మీద చిన్న తాటాకిల్లు, ముందు ఎప్పటిలాగే తిన్నటి గీతల ముగ్గు. పరీక్ష పాసయ్యానంటే "ఆయ్" అని, "రూల్సు మారేయంట కదండి. చెప్పండి" అన్నారు. చెప్పాను. ఇదివరకు సర్వీసు చేసినవాళ్ళకే పాయింటు వచ్చేది, ఇప్పుడు ప్రతి బంతికీ ఎవరో ఒకరికి పాయింటే. పదిహేను కాదు, ఇరవై ఐదు. వెనక వరసలో ఆడడానికే ఒక మనిషి, ఆ మనిషికి వేరే రంగు చొక్కా. అన్నీ తలాడిస్తూ విన్నారు. సర్వీసు నెట్‌కి తగిలి అవతల పడితే ఇప్పుడు తప్పు కాదు అన్నాను. తలాడించడం ఆపేశారు.

"తప్పు కాదా?"

"కాదండి. ఆట నడుస్తుంది."

"అయితే ఆ పిల్లని ఊరికే తిట్టేనన్నమాట" అన్నారు.

అప్పటి రూలు అప్పటిదే కదా అని ఎంత చెప్పినా వినలేదు. "మీకు చదువొచ్చు కదండి. సత్యవతి గారికి ఒక కార్డు రాయండి. ఆయమ్మ తిట్టింది తప్పని రాయండి." రాశాను. సత్యవతి ఆ సంగతే మర్చిపోయిందిట. జవాబులో నవ్వుతూ రాసింది. అది చదివి వినిపిస్తే ఆవిడ నవ్వలేదు. "మర్చిపోతే మంచిదేనండి" అన్నారు.

ఇక రాజోలు సంగతి చెప్పాలి. దానికోసమే ఇదంతా మొదలుపెట్టాను.

నేను పెద్ద రిఫరీగా, అంటే నెట్ చివర బల్ల మీద నిలబడి, మొదటిసారి విజిల్ ఊదింది రాజోలులో ఆడపిల్లల టోర్నమెంటులో. నా పేరు చెప్పింది మా డ్రిల్లు మాస్టారే. "ఆడపిల్లల మ్యాచ్‌కి ఆడపిల్ల రిఫరీ ఉంటే తప్పేంటండి" అని నిర్వాహకులతో ఆయన వాదించారు. వాళ్ళు అయిష్టంగానే ఒప్పుకున్నారు. ఈ ఒక్కసారి చూద్దాం అన్నారు. ఆ మాట నాకు వినపడేలాగే అన్నారు. ఆటలో నా చోటు ఉంటుందో పోతుందో ఆ రోజుతో తేలిపోతుందని నాకు తెలుసు. తీరా చూస్తే నాకు పడిన మొదటి మ్యాచే మా స్కూలుది. వద్దంటే ఇంకో మ్యాచ్ ఇస్తారన్న నమ్మకం లేదు. మాస్టారికి అది రిటైరయ్యే ఏడు. అన్నేళ్ళలో ఆయన టీము ఒక్క టోర్నమెంటులోనూ ఫైనల్ దాకా వెళ్ళలేదు. ఇది గెలిస్తే వెళ్తుంది.

బల్ల ఎక్కాక చూశాను, ఆయమ్మ వచ్చారు. చెప్పకుండా బస్సులో వచ్చేశారు. కుర్చీలున్నా కూర్చోకుండా, మా స్కూలు సర్వీసు చేసే వైపు మూలన నేల మీద చతికిలబడ్డారు. నమస్కారం పెట్టబోతే, పెట్టకూడదని కళ్ళతోనే గద్దించారు.

చెరో సెట్టు అయింది. మూడోది, ఆఖరిది, పదిహేను పాయింట్లకి, అదీ కనీసం రెండు తేడాతో. మా స్కూలు పద్నాలుగు, అవతల పదమూడు. సర్వీసు మా స్కూలుది. తొమ్మిదో తరగతి పిల్ల, సన్నగా, భయం భయంగా ఉంది. విజిల్ ఊదాను. ఆ పిల్ల బంతి ఎగరేసి కొట్టింది. చాలా అందమైన సర్వీసు. అవతల ఇద్దరి మధ్య పడింది, ఎవరి చెయ్యీ తగల్లేదు. గ్రౌండు లేచిపోయింది. మా పిల్లలు ఒకరి మీద ఒకరు పడి గెంతుతున్నారు. మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు.

నేను చూసింది వేరు. సర్వీసు చేసేటప్పుడు చెయ్యి బంతికి తగిలే వేళకి కాలు చివరి గీత వెనకే ఉండాలి. గీత మీద ఉన్నా తప్పే. ఆ పిల్ల కుడి బొటనవేలు గీత మీద ఉంది. అక్కడ గీత దగ్గర నిలబెట్టిన లైన్ మనిషి బంతి వెంట చూస్తున్నాడు. అవతలి టీము తలలు దించుకుని ఉంది. నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఊదకపోతే ఎవరూ అడగరు. ఆ క్షణం ఎంతసేపు నడిచిందో చెప్పలేను. మాస్టారి ముఖం చూడకూడదనుకుంటూనే చూశాను.

ఊదాను. గీత వైపు వేలు చూపించాను.

అరుపులు ఆగాయి. మాస్టారు బల్ల దగ్గరికి నడిచొచ్చారు. "అమ్మాయ్, బంతి లోపలే పడింది కదా?"

"బంతి లోపలేనండి. కాలు గీత మీదుందండి."

"ఎవరు చూసేరు?"

"నేనండి."

ఆయన గొంతు తగ్గించారు. "నిన్ను అక్కడ నిలబెట్టింది నేనమ్మా."

"ఆయ్" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి వెనక్కి వెళ్ళిపోయారు. పద్నాలుగు పద్నాలుగు. తర్వాతి రెండు పాయింట్లూ అవతలివాళ్ళకి పోయాయి. ఆఖరి విజిల్ ఊదాను. ఎవరో వెనక నుంచి "సొంత స్కూలునే ముంచేసిందిరా" అన్నారు. ఆ సర్వీసు చేసిన పిల్ల ఏడుస్తోంది. మాస్టారు ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి నిలబడ్డారు, నా వైపు తిరగలేదు. ఆయన నాతో మళ్ళీ మాట్లాడడానికి ఏడాది పట్టింది. మాట్లాడినప్పుడు మొదటి మాట, "నువ్వు చూసింది నిజమేనా?" నిజమేనండి అంటే, "నాకూ అనుమానంగానే ఉండేదిలే" అన్నారు. అది తర్వాత.

ఆ రోజు బల్ల దిగాను. నా దగ్గరికి ఒక్కరూ రాలేదు. బల్ల కింద మెట్టు మీదే కూర్చుండిపోయాను. అప్పుడు ఆయమ్మ వచ్చారు. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చారు.

"తాగండి, రిఫరీ గారండి."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తాగాను. ఆవిడ నా పక్కన కూర్చోలేదు, ఎదురుగా నిలబడ్డారు.

"నేను ఆ మూలే కూచున్నానండి. ఏలు గీత మీద పడ్డం నేనూ చూసేను. మీరు చూసేరో లేదో తెలీలేదు. చూసి కూడా ఊరుకుంటారేమోనని గుండెలు దడదడలాడిపోయాయండి."

"ఊరుకుంటే ఏం చేసేవారు ఆయమ్మా?"

"నేనేం చేత్తానండి. మీకు కనపడకుండా బస్సెక్కి ఎల్లిపోదును." ఖాళీ గ్లాసు తీసుకున్నారు. "మళ్ళీ మీ మ్యాచ్‌కి రాకపోదును."

సాయంత్రం ఇంకో మ్యాచ్ ఉంది. నిర్వాహకులు తమలో తాము కాసేపు మాట్లాడుకుని, దానికీ నన్నే నిలబడమన్నారు. విజిల్ నోట్లో పెట్టుకునే ముందు ఆ మూలకి చూశాను. ఆవిడ బస్సెక్కలేదు. కొంగు నడుముకి దోపుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని, నేను ఎప్పుడు ఊదుతానా అని చూస్తున్నారు.